గాలి వసూలు చేసే ఆశీలు

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా నాన్న ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ వంశధార పక్కన వరి పండించాడు. మా పాప ఒడియా మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. బరువైనదాన్నీ తేలికైనదాన్నీ పైనుంచి వదిలితే రెండూ ఒకేసారి నేలమీద పడతాయని బడిలో చెప్పారట. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట అంటే మా నాన్న నవ్వి పందెం కట్టాడు. తాను ఓడితే సైకిల్ కొనిస్తాడు. పాప ఓడితే నెల రోజులు రాత్రిపూట ఆయన కాళ్లు పట్టాలి.

మర్నాడు డాబా ఎక్కి కిలో తూకం రాయినీ, అడ్డాకుల విస్తరినీ ఒకేసారి వదిలాడు. రాయి ధన్‌మని పడింది. విస్తరి ఊగుతూ ఊగుతూ పక్కింటి పెరట్లోకి పోయింది. "అది గాలి వల్ల తాతా, గాలి లేకపోతే రెండూ ఒక్కసారే పడతాయి" అంది పాప. "గాలి లేని చోట నువ్వు బతుకుంటావా?" అన్నాడాయన. అక్కడితో ఊరుకోలేదు. ఒకే సైజు ప్లాస్టిక్ సీసాలు రెండు తెచ్చాడు. ఒకదాని నిండా నీళ్లు పోసి, రెండోదానికి ఉత్తగా మూత బిగించి మళ్లీ వదిలాడు. నీళ్ల సీసా ముందు పడింది. "సైజూ ఒకటే, గాలీ ఒకటే. ఇప్పుడేమంటావ్?" అన్నాడు. పాప ఏడ్చేసింది. వారం రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. కాళ్లు మాత్రం పడుతోంది.

పుస్తకం తప్పా, మా నాన్న తప్పా? ఇంకో సంగతి. కిందటి దసరాకి డుడుమ జలపాతం చూడ్డానికి వెళ్లాం. అన్ని నీళ్లు కిందికి చేరేలోపే పొగలా అయిపోవడం చూసింది. అదీ దీనికి సంబంధించిందేనా అని నన్నడుగుతోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: పందెం మీ నాన్నగారే గెలిచారండీ. మీ డాబా మీద, మీ ఊరి గాలిలో ఏది ముందు పడుతుందన్నది పందెం. ఆయన చెప్పిందే జరిగింది. కాబట్టి పాప నెల పూర్తయ్యేదాకా కాళ్లు పట్టాల్సిందే. సైకిల్ మీద ఆశ మాత్రం వదులుకోనక్కర్లేదు. రెండో పందేనికి కావలసిన సరుకు కింద ఇస్తాను.

ఆయనది ఉత్త మొండితనం అనుకోకండి. వరి పండించిన మనిషికి ఆ నమ్మకం కళ్లంలోంచి వచ్చింది. నూర్పిళ్లయ్యాక గాలి వాటం చూసుకుని నిలబడి, చేట తలెత్తుకు ఎత్తి ధాన్యం సన్నగా వదులుతారు. ఎగరబోత అనండి, తూర్పారబట్టడం అనండి. గట్టిగింజ కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. తాలు రెండడుగుల అవతల పడుతుంది. పొట్టు ఇంకా దూరం పోతుంది. చేట నుంచి నేలకి గింజ ప్రయాణం అర సెకనుకి కాస్త పైన, అంతే. ఆ కాస్తలోనే గాలి మూడింటినీ విడదీసి పెడుతుంది.

ఇందులో తాలుగింజని కాస్త దగ్గరగా చూడమనండి. పైకి గట్టిగింజలాగే ఉంటుంది. అదే పొట్టు, అదే పొడవు, అదే ముక్కు. లోపల బియ్యం లేదు, అంతే తేడా. మీ నాన్నగారి ఖాళీ సీసా సరిగ్గా ఈ తాలుగింజే. బడికి వెళ్లిన పిల్లకి తట్టని ప్రయోగం ఆయనకి తట్టడానికి కారణం ఇదేనని నా అనుమానం. విస్తరి దగ్గర పాప "ఆకారం వేరు" అని తప్పించుకోవచ్చు. సీసాల దగ్గర ఆ దారీ మూసేశాడు పెద్దాయన. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది.

మరి సైజూ గాలీ ఒకటే అయినప్పుడు నీళ్ల సీసా ఎందుకు ముందొచ్చింది? మీరు వ్యాపారస్తులు కాబట్టి లెక్క మీ భాషలోనే చెబుతాను. సంతలో ఆశీలు వసూలు చేసేవాడు ఒక్కో దుకాణానికి 20 రూపాయలు అన్నాడనుకోండి. వెయ్యి రూపాయల బేరం జరిగినవాడికి 20 పోతే తెలియను కూడా తెలియదు. 30 రూపాయల ఆకుకూర అమ్ముకున్న ముసలమ్మకి అదే 20 పోతే చేతిలో మిగిలేది పది. గాలి చేసేదీ అదే. రెండు సీసాలూ ఒకే వేగంతో దిగుతున్నప్పుడు రెండింటినీ ఒకే బలంతో పైకి నెడుతుంది. ఒకానొక క్షణాన ఆ నెట్టుడు 20 గ్రాముల బరువుకి సమానం అనుకుందాం. లీటరు నీళ్ల సీసా కిలో పైమాటే. దానికి ఇదొక లెక్క కాదు. ఖాళీ సీసా 30 గ్రాములుందనుకుంటే, దాన్ని కిందికి లాగడానికి మిగిలింది పది గ్రాముల బలమే. అందుకే వెనకబడింది.

సంత ఆశీలుకీ దీనికీ ఒక తేడా ఉంది. గాలి ఆశీలు నిలకడగా ఉండదు, వేగంతో పెరుగుతుంది. మామూలుగా పడే వస్తువు వేగం రెట్టింపైతే గాలి అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. అలా పెరిగి పెరిగి ఒక దగ్గర వస్తువు బరువు మొత్తాన్నీ మింగేస్తుంది. ఖాళీ సీసా విషయంలో 30 గ్రాములకీ 30 గ్రాములూ. అక్కడి నుంచి వేగం పెరగదు, తగ్గదు. దీన్నే చరమ వేగం అంటారు. ఖాళీ సీసా మీ డాబా ఎత్తులోనే ఇంచుమించు ఆ వేగానికి వచ్చేస్తుంది. విస్తరి ఇంకా ముందే, చేయి వదిలిన కాసేపట్లోనే వస్తుంది.

ఇంతవరకూ తాతగారి వైపు చెప్పాను. ఇక ఆయన తప్పు. బరువైనదాన్ని భూమి ఎక్కువగా లాగుతుంది కాబట్టి అది వేగంగా పడుతుంది అని ఆయన మనసులో ఉంది. మొదటి సగం నిజమే. కిలో రాయిని భూమి 100 గ్రాముల రాయికన్నా పదింతలు బలంగా లాగుతుంది. కానీ పదింతలు సరుకున్న బండిని కదిలించడానికి కూడా పదింతల బలం కావాలి కదా! ఖాళీ తోపుడు బండిని పిల్లాడు ఒక్కడే తోసుకుపోతాడు. పది బస్తాలెక్కిస్తే పదిమంది ఉండాలి. పదిమందీ తోస్తే బండి పదింతల వేగంతో పరుగెడుతుందా? లేదు, ఖాళీ బండిలాగే నడుస్తుంది. లాగుడు ఎంత పెరుగుతుందో, కదలడానికి మొరాయింపూ అంతే పెరుగుతుంది. రెండూ సరిగ్గా కొట్టుకుపోతాయి.

నమ్మకపోతే ఇంకో ముక్క అడగమనండి పాపని. ఒకేలాంటి ఇటుకలు రెండు పక్కపక్కన వదిలితే ఒకేసారి పడతాయి, దానికి తాత కూడా కాదనడు. మధ్యలో పురికొస కట్టి వదిలితే? ఇప్పుడది రెట్టింపు బరువున్న ఒకే వస్తువు. కొస కట్టినందుకే రెట్టింపు వేగంగా పడుతుందా? ఇటలీలో గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో వాదించింది ఇంచుమించు ఇలాగే. పీసా గోపురం ఎక్కి గుండ్లు వదిలాడన్న కథ ఆయన శిష్యుడు తర్వాత రాసింది; జరిగిందో లేదోనని చరిత్రకారులకే అనుమానం. రెండువేల మూడువందల ఏళ్ల కిందట గ్రీకు దేశపు అరిస్టాటిల్ మాత్రం మీ నాన్నగారి పక్షమే. అంత పెద్ద మేధావి పొరబడిన చోటే పొరబడ్డారు కాబట్టి ఆయన చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు.

ఇక్కడ మాటల తిరకాసు కూడా ఒకటుంది. తెలుగులో గురుత్వాకర్షణ అంటాం. గురుత్వం అంటే బరువు. మాటే తాతకి సాయం చేస్తున్నట్టుంది! మీ పాప ఒడియా పుస్తకంలో మాధ్యాకర్షణ అని ఉంటుంది. మధ్యకి లాగడం, అంటే భూమి నడిబొడ్డు వైపు లాగడం. బరువు ప్రస్తావనే లేదు. ఈ ఒక్క విషయంలో నాకు ఒడియా మాటే నచ్చుతుంది.

పాప తప్పు కూడా చెప్పాలి. "గాలి లేకపోతే" అన్న షరతుని అది చివర్లో, ఓడిపోయాక బయటికి తీసింది. ఆ షరతు వాక్యానికి తోక కాదు, తల. దాన్ని ముందే చెప్పి ఉంటే పందెమే ఉండేది కాదు. తిట్టకండి, బడిలో అలాగే చెప్పి ఉంటారు. పాఠాలు చెప్పే రోజుల్లో నేనూ అదే చేశాను. "రెండూ ఒకేసారి పడతాయి" అని గట్టిగా చెప్పి, సుద్దముక్కనీ కాగితాన్నీ పిల్లల ముందు వదిలాను. సుద్ద పడి ముక్కలైంది. కాగితం ఫ్యాను గాలికి తిరిగి తిరిగి నా భుజం మీద వాలింది. వెనక బెంచీ నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది.

"గాలి లేని చోట నువ్వు బతుకుంటావా" అన్న ప్రశ్నకి జవాబుంది. అలాంటి చోటికి వెళ్లి బతికి వచ్చినవాళ్లున్నారు. 1971 ఆగస్టు 2న అపోలో 15లో చంద్రుడి మీద దిగిన డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని కెమెరా ముందు ఒకేసారి వదిలాడు. సుత్తి బరువు 1.32 కిలోలు, ఈక 30 గ్రాములు. రెండూ ఒక్కసారే నేల తాకాయి. చంద్రుడి లాగుడు మన భూమిదాంట్లో ఆరో వంతే కాబట్టి నింపాదిగా పడ్డాయి, కానీ కలిసే పడ్డాయి. ఆ వీడియో ఫోన్లో దొరుకుతుంది, తాతకి చూపించండి. ఫ్రాన్సు వాళ్లు 2016లో ప్రత్యేకంగా ఇందుకోసమే ఒక ఉపగ్రహాన్ని పంపి, టైటానియంతో చేసిన దిమ్మా, ప్లాటినంతో చేసిన దిమ్మా ఒకేలా పడుతున్నాయా అని కొలిచారు. ఒకటి పక్కన 15 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో కొన్ని వంతులంత సూక్ష్మంగా చూసినా తేడా దొరకలేదని 2022లో లెక్క తేల్చారు.

చంద్రుడు దూరం, డాబా దగ్గర. రెండో పందేనికి మూడు జతలు చెబుతాను. పాప ఫలితం ముందే చెప్పాలి, వదిలే పని తాతగారు చెయ్యాలి.

మొదటిది, కిలో రాయీ 100 గ్రాముల రాయీ. పాత రాళ్లు వాడండి. ముద్ర ఉన్నవి పడేసి అంచులు కొట్టుకుపోతే తూకంలో తేడా వచ్చి, తూనికలవాళ్లకి మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. కింద నేలమీద ఒక చెక్కపలక వెయ్యండి. కళ్లతో చూడొద్దు, చెవితో వినండి. ఇది నా తెలివి కాదు. 1586లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ అనే ఊళ్లో సైమన్ స్టెవిన్ అనే ఆయన, ఒకటి రెండోదానికి పదింతలున్న రెండు సీసం గుండ్లని 30 అడుగుల ఎత్తు నుంచి పలక మీదికి వదిలాడు. రెండు చప్పుళ్లూ ఒకటిగా వినిపించాయని రాసుకున్నాడు. మీ డాబా ఐదు మీటర్లుంటే రాయి పడడానికి ఒక్క సెకను పడుతుంది. ఇనుము గట్టిది, చిన్నది. గాలి ఆశీలు ఆ సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటుంది, చెవికి అందదు. నిజంగా బరువే వేగాన్నిచ్చేటట్టయితే పదింతలు తేలికైన రాయి చప్పుడు ఎంతో ఆలస్యంగా వినపడాలి. అన్నట్టు, కిందికి చేరేసరికి రాయి వేగం గంటకి 36 కిలోమీటర్లు. పలక దగ్గర కోడిపిల్ల కూడా లేకుండా చూసుకోండి.

రెండోది, నోటుపుస్తకంలోంచి ఒకే కొలత కాగితాలు రెండు. ఒకటి ఉండ చుట్టాలి, ఒకటి అలాగే వదలాలి. బరువులో వీసమెత్తు తేడా లేదు, ఉండ ముందు పడుతుంది.

మూడోది తాతగారికి అసలు పరీక్ష. ఒక కాగితాన్ని సగానికి చింపి ఆ సగాన్ని గట్టిగా ఉండ చుట్టండి. దాన్నీ ఒక పూర్తి కాగితాన్నీ కలిపి వదలండి. ఈసారి తేలికైనది ముందు పడుతుంది! బరువైనదే ముందొస్తుందన్న మాట ఇక్కడ తలకిందులైపోయింది. సైకిల్ ఈ జత మీద కట్టమనండి. తాతగారు ముందే ఊహించి పందేనికి రాకపోతే పాప దురదృష్టం.

ఇక డుడుమ. దీనికి సంబంధించిందేనా అంటే, ఇదే. కొరాపుట్ కొండల్లో మాచ్‌ఖండ్ నది అక్కడ దాదాపు 175 మీటర్లు పడుతుంది. గాలే లేకపోతే నీళ్లు సుమారు ఆరు సెకన్లలో కిందికి చేరి, గంటకి 210 కిలోమీటర్ల వేగంతో రాతిని కొట్టేవి. అలా జరగనివ్వకుండా గాలి దారిలోనే నీటిని చీలుస్తుంది. ధార పాయలవుతుంది, పాయలు చినుకులవుతాయి, చినుకులు తుంపర అవుతాయి.

చిన్నదయ్యేకొద్దీ ఎందుకు నెమ్మదిస్తుందో చెప్పడానికి మీ కొట్లో బెల్లం చాలు. నలుపలకలా ఉన్న బెల్లం దిమ్మని పొడుగునా, అడ్డంగా, మందంలో సగానికి సగం కోయండి. ఎనిమిది ముక్కలవుతాయి. ఒక్కో ముక్క బరువు పాతదాంట్లో ఎనిమిదో వంతు. కానీ ఒక్కో ముక్క ముఖం పాతదాని ముఖంలో నాలుగో వంతు. బరువు ఎనిమిదింతలు తగ్గితే గాలికి ఎదురయ్యే మేర నాలుగింతలే తగ్గింది. అంటే ముక్క చిన్నదైనకొద్దీ, తన బరువుతో పోలిస్తే ఎక్కువ ఆశీలు కట్టాలి. మళ్లీ కోయండి, మళ్లీ అదే. కోసి కోసి పిండి చేస్తే అది పడను కూడా పడదు, గాలిలో తేలుతుంది. డుడుమ దగ్గర మీరు చూసిన పొగ అలాంటి నీటిపిండి. చీమ డాబా మీంచి పడి లేచి నడిచిపోవడం కూడా ఈ లెక్కే.

ఆషాఢంలో మనం తలలు పగలకుండా తిరుగుతున్నామంటే అదీ గాలి చలవే. రెండు కిలోమీటర్ల ఎత్తున్న మబ్బు నుంచి చినుకు అడ్డు లేకుండా పడితే గంటకి 700 కిలోమీటర్ల వేగంతో తగిలేది. గాలి ఉంది కాబట్టి బాగా పెద్ద చినుకు కూడా గంటకి 30 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మబ్బు ఎంత ఎత్తున ఉన్నా అంతే.

అదే మాచ్‌ఖండ్ నీళ్లని కొండ మీంచి ఉక్కు గొట్టాల్లో దింపి 1950ల నుంచి కరెంటు తీస్తున్నారు. గొట్టంలో గాలికి చోటు లేదు. పడుతున్న నీటి బలం తుంపరగా పోకుండా నేరుగా టర్బైను రెక్కల మీదికి వస్తుంది. అంటే ఆశీలువాడి కంట పడకుండా సరుకు దాటించడం లాంటిది. ఈసారి జయపురం వైపు వెళ్తే ఆ గొట్టాలు కూడా పాపకి చూపించండి.

ఒక చిన్న సలహా. పందేలు ఎండాకాలం దాకా సాగేటట్టుంటే, గుగ్గిలం చెట్టు కింద, అదే మీరక్కడ శాలచెట్టు అంటారే, దాని కింద ఇద్దర్నీ కూర్చోబెట్టండి. వానలకి ముందు ఆ కాయలు ఐదు రెక్కలతో గిర్రున తిరుగుతూ దిగుతాయి. ఒకదానికి రెక్కలు తుంచేసి, ఇంకోదాన్ని ఉన్నదున్నట్టుగా డాబా మీంచి వదలమనండి. తుంచింది తేలికైంది కదా. ఏది ముందు పడుతుందో తాతగారినే ముందు చెప్పమనండి. అప్పటికి ఆయన జాగ్రత్తపడి ఉంటారు.